తడి ఆరకముందే

బిడ్డా,

నిన్న పొద్దున మోటారు వేసి ట్యాంకు చూద్దామని డాబా ఎక్కితే, తీగ మీద నీ దుప్పటి ఆరేసి ఉంది. తెల్లది. కాళ్ల వైపు అంచున ఆవగింజలంత నెత్తురు మరకలు, ఉతికినా పోనివి. దోమను కొడితే పడే మరక ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవి అవి కావు. ఇరవై ఏళ్లు ఇలాంటి దుప్పట్లే ఉతికాను, నా కొడుకువి.

మన ఇంట్లో ఉండి యూనివర్సిటీలో చదువుకునే పిల్లవు, అయినా ఎదురుగా అడిగితే "ఏం లేదు పెద్దమ్మా, చలికి పగిలింది" అని చేతులు చున్నీలోకి లాక్కుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఎల్లుండి సంక్రాంతికి ఊరికి పోతున్నావు కదా, బస్సులో చదువుకో.

నేను డాక్టరును కాను. ఉస్మానియాలో వృక్షశాస్త్రం ల్యాబులో ముప్పై ఏళ్లకు పైగా ఆకులు ఎండబెట్టి అట్టలకు కుట్టిన మనిషిని. చెట్ల కులగోత్రాలు చెప్పమంటే చెప్తాను. చర్మం సంగతి మాత్రం తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పులు మోసినవాడు నా కొడుకు. నువ్వూ అవే చేస్తున్నావేమోనని నా భయం.

మొదట పేరు తేల్చుకుందాం. మన ఊళ్లలో దురద పెట్టే ప్రతిదాన్నీ గజ్జి అనో తామర అనో అంటారు. గజ్జి అంటే కంటికి ఆనని పురుగు చర్మంలో బొరియ తవ్వుకుని కాపురముండడం. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ వస్తుంది, రాత్రయితే రెచ్చిపోతుంది. హాస్టలు గదిలో ఒకరికి వస్తే ఒకరి వెనక ఒకరు గోకడం మొదలుపెడతారు. అప్పుడు గదిలో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి, పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతకాలి. తామర బూజు జాతిది. గుండ్రంగా పాకుతుంది, అంచు ఎర్రగా లేచి ఉంటుంది, నడుమ మానినట్టు కనిపిస్తుంది. ఎగ్జిమా ఈ రెండూ కాదు. దానికి తీరైన అంచు ఉండదు. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మెడ, మణికట్లు దాని ఇష్టమైన చోట్లు. ఎండిపోయి, ఎర్రబడి, గోకీ గోకీ చివరికి ఏనుగు తోలులా మందమవుతుంది. ఇది అంటుకోదు. నీ టవలు వాడినా, నీ కంచంలో తిన్నా ఎవరికీ రాదు. నీ గదిలో ఉండే పిల్ల తన మంచం కిటికీ పక్కకు జరుపుకుందని విన్నాను. ఈ ముక్క ఆ అమ్మాయికి కూడా చదివి వినిపించు.

మన పాత వైద్యంలో దీన్ని విచర్చిక అన్నారు. చరకుడు చర్మరోగాలను పద్దెనిమిది కుష్ఠాలుగా లెక్కగట్టాడు, అందులో చిన్నవాటి పట్టీలో ఉంది ఇది. తర్వాత్తర్వాత ఆ కుష్ఠమన్న మాట ఒకే ఒక్క రోగానికి పేరైపోయింది, దాని భయం మాత్రం మిగతా అన్నిటికీ పాకింది. ఎగ్జిమా అన్న గ్రీకు మాటకు ఉడికి పైకి పొంగడమని అర్థమట. అది నయం. పొంగే పాలకు మంట తగ్గించాలని వంటింట్లో అందరికీ తెలుసు.

క్యాంపస్ హెల్త్ సెంటరులో డాక్టరమ్మ ఎగ్జిమా అని చీటీ రాసిచ్చిందని నువ్వే ఒకసారి నోరుజారావు. ఆ చీటీ మడిచి ఏ పుస్తకంలో దాచావో గానీ, మందుల షాపులో ఇంకేదో ట్యూబు కొన్నావు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నీ చర్మాన్ని ఊరి చెరువు కట్ట అనుకో. కొందరికి పుట్టుకతోనే కట్ట పలుచగా ఉంటుంది. చర్మం పై పొరను బిగించి పట్టే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు ఉంది. దాన్ని తయారుచేసే జన్యువులో లోపమున్నవాళ్లకు ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. కట్ట సన్నటిదైతే లోపలి నీళ్లు ఊరికే కారిపోతాయి, నేల నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెల్లోంచి దుమ్ము, సబ్బు, పుప్పొడి, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. వాటితో పోట్లాడడానికి నెత్తురు ఎగబాకుతుంది, ఆ పోట్లాటే నీకు ఎరుపూ దురదా. ఎవరింట్లోనైనా అమ్మకు ఉబ్బసం, అన్నకు పొద్దున లేస్తే తుమ్ములు, చెల్లెకు ఎగ్జిమా ఉన్నాయంటే మూడూ ఒక తల్లి పిల్లలే. మృగశిర కార్తె నాడు ఉబ్బసానికి వేసే చేపమందుకు నాంపల్లిలో బారులు తీరిన జనంలో ఎంతమంది మోచేతి మడతలు నల్లబడి ఉంటాయో ఎవరూ చూడరు.

కట్టకు మట్టి ఎప్పుడు పోస్తారు? గండి పడ్డాక కాదు కదా. దురద లేని రోజున, చర్మం నున్నగా కనిపించే రోజున కూడా జిడ్డు పెట్టాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మిగతాది ఎలాగన్నదే.

స్నానం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే పాడవడం అక్కడే మొదలవుతుంది. మన ఇంట్లో నల్లా వచ్చిన రోజు నల్లానీళ్లు, రాని రోజు బోరునీళ్లు. 1939లో నిజాం ప్రారంభించిన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూచుని ఎన్నోసార్లు పల్లీలు తిని ఉంటావు. ఆ గులాబీ రంగు గ్రానైటు లాంటి రాయే మన కాళ్ల కింద కూడా ఉంది. దాని పగుళ్లలో ఊరిన నీళ్లే మన బోర్లలో వస్తాయి, సున్నం నిండిన ఉప్పునీళ్లు. బకెట్టు లోపల తెల్లటి పొర కడుతుంది చూడు, అదే. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు. నురగ రాలేదని ఇంకా రుద్దుతాం. సబ్బూ సున్నమూ కలిసి జిగురు పాచి అయి ఒంటి మీదే కూచుంటుంది. ఉప్పునీళ్లు వచ్చే ఊళ్ల పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువని ఇంగ్లండులో గమనించారు. సరే, నీళ్లను మెత్తబరిచే యంత్రం పెట్టి చూద్దామని అక్కడే పరీక్షిస్తే, అప్పటికే రోగం ఉన్న పిల్లలకు దానివల్ల మేలేమీ కనబడలేదని 2011లో తేల్చారు. కాబట్టి మీ నాన్నను యంత్రం కొనిపెట్టమని అడగకు. సబ్బు తగ్గించు, అది పైసా ఖర్చులేని పని.

చంకలు, గజ్జలు, పాదాలు, అంతే. మిగతా ఒంటికి ఒట్టి నీళ్లు చాలు. మన చర్మానికి కాస్త పులుపు గుణం ఉంది, pH లెక్కలో 5 దగ్గర. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. మీ ల్యాబులో కాగితం ముంచి చూస్తే నీకే తెలుస్తుంది. సువాసన లేని, సబ్బు కాని బిళ్లలు దొరుకుతాయి, డాక్టరమ్మ చీటీలో బహుశా అదే రాసి ఉంటుంది. స్నానపు నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా మారే ఘాటు ద్రవం వాసన నీ బాత్రూములోంచి వస్తోంది. అది మానెయ్యి. ఆసుపత్రి వాసన శుభ్రత కాదు.

హీటరు రాడ్డు పెట్టి బకెట్టు పొగలు కక్కేదాకా కాచకు. జనవరి చలిలో వేడినీళ్లు ఒంటి మీద పడుతుంటే దురదకు అమృతంలా ఉంటుందని నాకు తెలుసు, మావాడూ అలాగే అనేవాడు. ఆ సుఖం పావుగంట, తర్వాత రాత్రంతా శిక్ష. మోచెయ్యి ముంచితే వేడో చల్లదో తెలియకుండా ఉండాలి. అయిదు నిమిషాలు, మహా అయితే పది. తర్వాత తువ్వాలతో రుద్దకు, అద్దుకో. పసిపిల్లను తుడిచినట్టు.

ఇక్కడ గడియారం చూడు. తుడుచుకున్నాక మూడు నిమిషాల్లో, ఒంటి మీద చెమ్మ ఇంకా ఉండగానే జిడ్డు పూయాలి. బట్టలేసుకుని, జడ వేసుకుని, పాలు కాచుకుని ఆ తర్వాత పూస్తే ఎండిన నేల మీద పూత పూసినట్టే, లోపల మూసిపెట్టడానికి నీళ్లే ఉండవు. నూనె సీసా బాత్రూములోనే గూట్లో పెట్టుకో. పై నుంచి కిందికి, వెంట్రుకలు వాలిన దిక్కుకే నిమురు. ఎదురు రుద్దితే వెంట్రుక మొదట్లో కురుపులు లేస్తాయి.

ఏం పూయాలి? నా ఓటు రెండిటికి. పగలు కొబ్బరినూనె, రాత్రి పడుకోబోయే ముందు వాసెలిన్ లాంటి తెల్లటి జిడ్డు. కొబ్బరినూనె మన అమ్మమ్మల మాట అని కొట్టిపారెయ్యడానికి లేదు. ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్ల మీద ఫిలిప్పీన్స్‌లో కొబ్బరినూనెనూ ఆలివ్ నూనెనూ పోల్చి చూసి 2008లో అచ్చువేశారు. పుండును రెచ్చగొట్టే సూక్ష్మజీవి కొబ్బరినూనె పూసినవాళ్లలో బాగా తగ్గింది. సూపర్ మార్కెట్టులో ఖరీదు పెట్టి కొనే ఆలివ్ నూనె చర్మపు పై పొరను వదులు చేస్తుందని ఆ తర్వాత ఇంకొకరు చూపించారు. ఆవనూనె వద్దు, మంట. వాసన నూనెలు అసలే వద్దు, జాస్మిన్ అని రాసి ఉన్నా, వేరే ఏం రాసి ఉన్నా. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపల రూపాయి బిళ్లంత చోట రెండు మూడు రోజులు రాసి చూడు. కొబ్బరి పడనివాళ్లూ ఉంటారు.

ఎంత పూయాలన్న దగ్గరే అందరూ పిసినారులవుతారు. నీ బల్ల మీద ఉన్న వాసెలిన్ డబ్బా దీపావళి నుంచీ అదే. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్లకు వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా పట్టవచ్చని డాక్టర్ల లెక్క. నీది చేతులూ కాళ్లూ మెడే కాబట్టి అంత అక్కర్లేదు, కానీ ఆ చిన్న డబ్బా నెలకు ఒకటి కాదు, వారానికి ఒకటి అయిపోవాలి. పెద్ద డబ్బా కొను, చవక. వేళ్లు ముంచకు, కడిగిన చెంచాతో తీసుకో.

మా అబ్బాయికి ఆరో నెలలో బుగ్గలు ఎర్రబడ్డాయి. మా అత్తమ్మ చెప్పిందని ప్రతి ఆదివారం నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టేదాన్ని, కేరుకేరుమని ఏడుస్తుంటే మురికి పోతోందని సంబరపడేదాన్ని. పెసరపిండి, శనగపిండి మంచి చర్మానికి ముద్దే. పగిలిన చర్మానికి గరుకు కాగితం. ఉన్న జిడ్డునూ అది పీల్చేస్తుంది. వేపాకు నూరి పసుపు కలిపి పట్టించాను. వేపాకు చేదుకు పురుగు చస్తుందని. అక్కడ పురుగే లేదని అప్పుడు తెలియదు. ఆ ముద్ద ఎండిపోయి చర్మాన్ని బిగలాగేది, తీస్తే పక్కుతోపాటు నెత్తురు వచ్చేది. ఇవాళ్టికీ వేపచెట్టు కింద నడిస్తే నాకు ఆ పసివాడి ఏడుపు యాదికొస్తుంది.

ఇంకో ఘోరం నుంచి మాత్రం బయటపడ్డాం. మా ఊళ్లో ఒక పెద్దమనిషి నల్లజీడి గింజ కాల్చి ఆ రసం పెడతానన్నాడు. నల్లజీడి అంటే చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజ. మామిడి కుటుంబంలోది. మామిడికాయ తొడిమ దగ్గర కారే జీడి పెదవికి తగిలితే బొబ్బ లేస్తుంది కదా, దానికి పెద్దన్న ఇది. ల్యాబు పని వల్ల నాకు తెలుసు కాబట్టి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేశాను. మీ ఊళ్లోనూ ఇలాంటి పెద్దమనిషి ఉండే ఉంటాడు. వెల్లుల్లి, నిమ్మరసం, కర్పూరం, చింతపండు గుజ్జు, ఏది తెచ్చినా "ఇప్పుడే మందు రాసుకున్నా తాతా" అని దండం పెట్టి లేచిరా. గౌరవమూ దక్కుతుంది, చర్మమూ దక్కుతుంది.

ఇంకా ఊరి సంగతే. పండగకు నాలుగు గండాలున్నాయి నీకు. భోగి నాడు తలంట్లు, నలుగు. నూనె వరకు సరేనను, పిండి దగ్గర చెయ్యి అడ్డం పెట్టు. భోగి మంట దగ్గర దూరంగా నిలబడు. ఇది మామూలు మాట కాదు. వాసెలిన్ లాంటివి ఇంకిపోయిన బట్టకు నిప్పు తగిలితే మామూలు బట్ట కన్నా తొందరగా అంటుకుని మండుతుంది. వాకిట్లో ముగ్గు నువ్వే వేస్తావు, నాకు తెలుసు, నీకది ప్రాణం. రాతిముగ్గు వేళ్ల తడినంతా పీల్చేస్తుంది. బియ్యప్పిండితో వెయ్యి, లేదా పని కాగానే చేతులు కడిగి జిడ్డు పెట్టు. నాలుగోది గొబ్బెమ్మల మీది బంతిపూలు. దానికి కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

క్యాంపస్‌లో తోటపని చేసే ఒక మాలి ఉండేవాడు. వానలు పడ్డాక హాస్టళ్ల వెనక, రైలుకట్ట వెంబడి, ఖాళీ జాగాల్లో నడుమెత్తు లేచే మొక్క ఉంది కదా, క్యారెట్ ఆకులాంటి ఆకు, ముత్యాల్లాంటి తెల్లపూలు. వయ్యారిభామ. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950ల్లో పుణె వైపు మొదట గుర్తించారు, విదేశీ గోధుమలతో వచ్చిందని చెప్పుకుంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ రసికుడు. ఇంత వయ్యారంగా ఒంటిని తగలబెట్టే మొక్క ఇంకోటి లేదు. ఏళ్ల తరబడి దాన్ని పీకీ పీకీ ఆ మాలి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతులు నల్లగా మందమైపోయాయి. చేత్తో తాకితేనే కాదు, ఎండిన మొక్క నుంచి గాలికి లేచే పొడి చాలు. బట్ట కప్పని చోటల్లా రేగుతుంది. ఆ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, దాని పనే అది. ఏడాదంతా చిరాకు, వానాకాలం పోయేటప్పటికి నరకం. చివరికి ఆయన్ను మొక్కలకు దూరంగా లోపలి పనిలో వేశారు, అప్పటికి గానీ ముఖం తెరిపిన పడలేదు.

వయ్యారిభామ చామంతి కుటుంబంలోది. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఆ ఇంటివే. ఒకటి పడనివాళ్లకు మిగతావి కూడా పడకపోవచ్చు. మన బతుకమ్మలో తంగేడుదీ గునుగుదీ వేరే ఇల్లు, బంతి మాత్రం ఇక్కడిదే. గాయాలకు పసరు పిండే గడ్డిచామంతి కూడా ఈ ఇంటిదేనని గుర్తుపెట్టుకో, మీ నాయనమ్మ మొదట తెచ్చేది అదే. నీకు కనురెప్పలు కూడా రేగుతున్నాయి. హాస్టళ్ల వెనక అడ్డదారిలో ఆ మొక్కల మధ్యనుంచే వచ్చిపోతున్నావు. అదే కారణమని నేను అనను. ఒక నెల రోడ్డు దారిన తిరిగి చూడు. ఆసుపత్రిలో వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజులకు తీసి, ఏది పడదో చూసే పరీక్ష ఉంది. మనకు దగ్గరున్న గాంధీ ఆసుపత్రి చర్మ విభాగంలో అడుగు. ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసమే యునానీ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. ఆ వైద్యం మీద నమ్మకముంటే అక్కడికి వెళ్లు, ఫుట్‌పాత్ హకీము దగ్గరికి వద్దు. చవక కమ్మలు, జీన్సు గుండీ, గడియారం వెనక బిళ్ల, బొట్టుబిళ్ల జిగురు, నల్ల మెహందీ కోను, ఇవీ అనుమానితులే. గోరింటాకు నూరుకుంటే చక్కగా ఎర్రగా పండుతుంది. నిమిషాల్లో నల్లగా పండేదైతే అందులో జుట్టురంగు కలిపినట్టే.

ఇప్పుడు ఆ ట్యూబు. మావాడు ఇంటర్ చదివేటప్పుడు ఒక మందుల షాపులో దురద అని చెప్తే ఇలాంటిదే చేతిలో పెట్టారు. మూడు రోజుల్లో మాయ. తొడల మీద అద్దంలా అయింది. వాడు ఆ మాయకు అలవాటు పడ్డాడు, నాకు చెప్పకుండా నెలల తరబడి పూశాడు. ఒకరోజు నిక్కరులో చూస్తే తొడల లోపల చింపిరి చారలు, చర్మం సిగరెట్టు కాగితంలా. అందులో ఉన్నది బలమైన స్టెరాయిడు, దానికి తోడు బూజు మందు, సూక్ష్మజీవుల మందు. ఏ రోగమైతే దానికి తగులుతుందిలే అన్న లెక్క. ఆ చారలు ఇవాళ్టికీ పోలేదు. తామర మీద ఇలాంటిది పూస్తే ఇంకా దరిద్రం. పైకి చల్లారినట్టు ఉంటుంది, లోపల పాకిపోతుంది. ఇలాంటి పూతమందులు డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. నిబంధన కాగితం మీద ఉంది, ట్యూబు కౌంటరు మీద ఉంది.

అలాగని స్టెరాయిడంటే విషమని పారెయ్యకు. నేను ఆ తప్పు కూడా చేశాను. చారలు చూసి భయపడి, తర్వాత డాక్టరు రాసిన మంచి మందును కూడా వాడి చేతికి ఇవ్వలేదు, ఆరు నెలలు పిల్లాడు నిద్రలేక అల్లాడాడు. ఎంత బలం, ఏ చోట, ఎన్నాళ్లు అన్నవి చీటీలో ఉంటాయి. ముఖానికి వేరు, పాదానికి వేరు. చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబులోంచి పిండితే అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. 1991లో బ్రిటన్‌లో చెప్పిన కొలత ఇది, వేలు మనదే కాబట్టి చెంచా అక్కర్లేదు. పుస్తకంలో దాచిన చీటీ బయటికి తియ్యి. ఆ ట్యూబు మాత్రం చెత్తబుట్టలో వెయ్యి. నెలలుగా రోజూ పూస్తున్నట్టయితే మాత్రం పారేసే ముందే డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పు, ఒక్కసారిగా ఆపితే రేగుతుంది.

తిండి సంగతి. వంకాయ మానేశావు, గుడ్డు మానేశావు, పల్లీలు మానేశావు, ఇప్పుడు పెరుగు కూడానట. ఎవరు చెప్పారు? తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందునుంచి రోజూ పోతుంటావు. మన ఉస్మానియా పుట్టిన 1918లోనే అది కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలైంది. 1958లో మన పక్కకు వచ్చింది. తినక చెడిపోయే మనుషుల గురించి నూరేళ్లకు పైగా చదువుతున్న ఇల్లు అది. దాని గోడ పక్కనుంచి నువ్వు అరకడుపుతో నడిచిపోతున్నావు. ఫలానాది తిన్న గంటా రెండు గంటల్లో పెదవులు వాచడం, దద్దుర్లు లేవడం, గొంతు పట్టడం జరిగితే అది నిజమైన పడకపోవడం, డాక్టరుకు చెప్పాలి. అలా ఏమీ లేకుండా, వంకాయ దురదకూర అని అందరూ అన్నారని మానేస్తే పెద్దవాళ్ల ఎగ్జిమా తగ్గిన వైనం నేను చూడలేదు. రక్తం తక్కువైన పిల్లల్ని మాత్రం చూశాను.

రాత్రి సంగతికి వస్తాను, దుప్పటి అక్కడిదే కదా. మావాణ్ణి ఎన్ని వేలసార్లు "గోకకురా" అన్నానో. ఒక్కసారీ ఆగలేదు. ఆపుకోగలిగితే అది దురద ఎందుకవుతుంది? నీకు ఆ మాట చెప్పను. గోళ్లు మొదలంటా కత్తిరించుకో. దురద లేచినచోట అరచేత్తో గట్టిగా అదుము. చల్లటి నీళ్లలో తడిపి పిండిన పాత చీరముక్క పది నిమిషాలు కప్పు, తీసి వెంటనే జిడ్డు పెట్టు. ఐసు ముక్క నేరుగా పెట్టకు. స్వెట్టరు కింద మెత్తటి నూలు చొక్కా ఉండాలి, ఉన్ని ఒంటికి తగలకూడదు. బట్టలుతికేటప్పుడు చేతులకు నూలు తొడుగు, దాని మీద రబ్బరు తొడుగు. ఇంకోసారి ఎక్కువ జాడించు, మోటారు నేను వేస్తాను.

పరీక్షల నెలలో నీకు ఎక్కువవుతుందని గమనించావా? మా అబ్బాయికీ అంతే, ఎంసెట్ అప్పుడు మెడంతా పచ్చిపుండు. మనసు బిగుసుకుంటే దురద పెరుగుతుంది, దురద పెరిగితే నిద్ర పోతుంది, నిద్ర పోతే మనసు ఇంకా బిగుసుకుంటుంది. లైబ్రరీలో అర్ధరాత్రి దాకా కూచుని కుర్చీ చేతికి మోచెయ్యి రాసుకునే నీలాంటి పిల్లలు, గ్రూపులకు చదివే పిల్లలు ఎందరో. పదకొండుకు పుస్తకం మూసెయ్యి. మిగిలింది పొద్దున చదువు.

ఇంత చెప్పాను గానీ, కొన్నిటికి నా నూనె సీసా పనికిరాదు. పుండ్ల మీద తేనెరంగు పక్కు కట్టి చీము కారినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి ఒకే తీరు చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి నొప్పి పెట్టినా, కంటి చుట్టూ వాచినా, పండగని చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పొక్కుల మీద ఏమీ రాయకుండా వెళ్లు.

పెళ్లిచూపుల మాట మీ అమ్మ ఎత్తుతోందని కూడా విన్నాను. చేతులు దాచుకుని కూచోకు. మా అబ్బాయి ముందే చూపించాడు, కోడలు చూసి "మా తమ్ముడికీ ఉంది" అంది. మావాడికి ఇప్పుడు నలభై దాటాయి. చలికాలం వస్తే మోచేతి మడత ఇంకా గరుకవుతుంది, పోలేదు. కానీ వాడి బాత్రూము గూట్లో నూనె సీసా ఎప్పుడూ ఖాళీగా ఉండదు, దుప్పటి మీద మరకలు లేవు.

నీకోసం అరలీటరు కొబ్బరినూనె తెప్పించాను. రాత్రి చలికి గడ్డకట్టింది, ప్రహరీగోడ మీద ఎండలో పెట్టాను. రేపు ఏడింటికి మోటారు వేస్తాను, స్నానానికి ముందే వచ్చి తీసుకుపో.